రాజకీయం: నిర్వచనాలు, హద్దులు

కలిసి బతికే మనుషులు అందరికీ వర్తించే నిర్ణయాలు ఎలా చేసుకుంటారు, ఆ నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది, ఒప్పుకోని వాళ్ళు ఏం చేస్తారు అన్న వ్యవహారమంతా స్థూలంగా రాజకీయం. ఇంతవరకు పెద్దగా పేచీ లేదు. అందరికీ వర్తించే విషయాలు ఏవి అన్న దగ్గర పేచీ మొదలవుతుంది. మున్సిపాలిటీ పన్ను రాజకీయమేనని అందరూ ఒప్పుకుంటారు. ఊరి చెరువులో ఎవరు నీళ్ళు ముంచుకోవాలి, తాగి వచ్చిన మొగుణ్ణి ఎవరు అడగాలి, మిర్చికి ధర ఎవరు కట్టాలి అన్నవి కూడా రాజకీయమేనా అంటే జవాబులు విడిపోతాయి. నిర్వచనాలు ఇన్ని పుట్టడంలో పండితుల సరదా కొంత ఉన్నా అసలు కారణం ఇది: దేన్ని రాజకీయంగా లెక్కిస్తారన్నదాన్ని బట్టే ఎవరి మాట నలుగురిలోకి వస్తుంది, ఎవరిది ఇంటిగోలగానో ఊరి తగాదాగానో మిగిలిపోతుంది అన్నది తేలుతుంది.

వాడుకలో రాజకీయానికి మర్యాద తక్కువ. "ఇందులో ఏదో రాజకీయం ఉంది", "దీన్ని రాజకీయం చేయొద్దు" అనడంలో కుట్ర, స్వార్థం, పార్టీల ఎత్తుగడ అన్న భావాలే ముందుంటాయి. రెండో మాట అధికారంలో ఉన్నవారి నోట ఎక్కువగా వినబడుతుంది. ఫలానా విషయం చర్చకు రాకూడదని చెప్పడం కూడా రాజకీయ వాదనే.

ఈ నిర్వచనాలను సరిచూసుకోవడానికి తెలుగునాట చీరాలకు మించిన చోటు దొరకడం కష్టం. 1921లో ఈ ఊరి జనం ఊరు ఖాళీ చేసి వెళ్ళారు. 1985లో పొరుగున ఉన్న కారంచేడు నుంచి జనం ప్రాణాలు దక్కించుకోవడానికి ఈ ఊరికి వచ్చారు. మొదటి వలసను చూసినవాళ్ళెవరికీ అది రాజకీయమేనా అన్న అనుమానం రాలేదు. రెండోదాన్ని రాజకీయంగా నిలబెట్టడానికే ఒక ఉద్యమం పుట్టవలసి వచ్చింది.

రాజనీతి

భారతీయ సంప్రదాయంలో ఈ ఆలోచన చాలావరకు పాలకుడి వైపు నుంచి సాగింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం రాజ్యాన్ని స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని ఏడు అంగాలుగా చూసింది. వాటిని నిలబెట్టుకునే విద్య దండనీతి. చాలాకాలం కనబడకుండా పోయిన ఈ గ్రంథం ప్రతిని 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి గుర్తించి, 1909లో అచ్చులోకి తెచ్చారు. తెలుగులో బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి, మడికి సింగన సంకలనం చేసిన సకల నీతి సమ్మతము ఈ కోవలోవే. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో శ్రీకృష్ణదేవరాయలు యామునాచార్యుడి ఉపదేశంగా రాజనీతి చెప్పించాడు. దుర్గాలు ఎవరికి అప్పగించాలి, అడవి జాతులతో ఎలా మెలగాలి, రేవులకు వచ్చే విదేశీ వర్తకులను ఎలా ఆదరించాలి వంటి ఆచరణ విషయాలు అందులో ఉన్నాయి. స్వయంగా సామ్రాజ్యం ఏలినవాడు రాసినది కావడంవల్ల దానికి పుస్తక పాండిత్యానికి మించిన విలువ ఉంది. ఈ గ్రంథాలన్నిటిలోనూ ప్రజలు కాపాడదగినవారు, పన్ను కట్టవలసినవారు. నిర్ణయం చేసే చోట వారికి పీట లేదు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మరో వైపు నుంచి మొదలుపెట్టాడు. మనిషి స్వభావరీత్యానే నగర రాజ్యంలో బతకవలసిన ప్రాణి అని, పాలించడంలోనూ పాలనకు లోబడడంలోనూ వంతు ఉన్నవాడే పౌరుడని ఆయన అభిప్రాయం. ఆయన పౌరుల లెక్కలో స్త్రీలు, బానిసలు లేరు. రాజకీయాన్ని మనిషి చేయగల గొప్ప పనిగా నిలబెట్టిన ఈ సిద్ధాంతం దాని చుట్టూ గోడ కూడా కట్టింది. గోడ లోపల సమానులు మాట్లాడుకుంటారు, గోడ బయట ఇల్లు, చాకిరీ ఉంటాయి. తర్వాతి రెండువేల ఏళ్ళకు పైగా సాగిన వాదాలు చాలావరకు ఈ గోడ గురించినవే.

ప్రభుత్వ వ్యవహారం, చీరాల-పేరాల

ఎక్కువమందికి తెలిసిన అర్థంలో రాజకీయం అంటే ప్రభుత్వ వ్యవహారం. శాసనసభలు, మంత్రులు, పార్టీలు, ఎన్నికలు, అధికారులు ఇందులోకి వస్తారు. కాలేజీ పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఈ దారినే నడిచాయి. ఈ అర్థంలో ఎంత సత్తువ ఉందో, ఎక్కడ చాలకుండా పోతుందో చీరాల-పేరాల ఉద్యమం చూపిస్తుంది.

చీరాల, పేరాల అప్పటి గుంటూరు జిల్లాలో ఒకదానినొకటి ఆనుకుని ఉన్న ఊళ్ళు. నేత మగ్గాల మీద, చిన్న సేద్యం మీద, వ్యాపారం మీద బతికే జనం. రెండు ఊళ్ళ జనాభా కలిపి సుమారు 15 వేలు. జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిసి ఇవి ఒక యూనియన్‌గా ఉండేవి. యూనియన్ పన్ను ఏడాదికి సుమారు 4 వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను మున్సిపాలిటీగా మార్చింది. దానితో పన్ను దాదాపు పది రెట్లు అయ్యే పరిస్థితి వచ్చింది. జనం అర్జీలు పెట్టుకున్నారు, ఫలితం లేకపోయింది. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతానికి ఒక అధికారిని పెట్టి మున్సిపాలిటీ నడిపించింది. పన్ను కట్టనివారిపై కేసులు పెట్టారు. జైలుకు వెళ్ళినవారిలో రావూరి అలమేలమ్మ ఒకరు.

ఈ కథను తెల్లదొరలకూ తెలుగువారికీ మధ్య పోరుగా చెప్పడం రివాజు. అది సగమే నిజం. 1919 భారత ప్రభుత్వ చట్టం తెచ్చిన ద్వంద్వ పాలనలో స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రులకు బదిలీ చేసిన శాఖ. 1920లో కాంగ్రెస్ బహిష్కరించిన ఎన్నికల తర్వాత మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. అందులో ఆ శాఖ చూసింది పానగల్లు రాజా పానుగంటి రామారాయణింగారు, తెలుగువాడు. మరుసటి జూలైలో మంత్రివర్గానికి పెద్ద కూడా ఆయనే అయ్యారు. బ్రాహ్మణేతరులకు పదవుల్లో వాటా కావాలన్నది ఆయన పార్టీ పోరాటం. చీరాల నాయకుడు బ్రాహ్మణుడు, కాంగ్రెస్‌వాది. స్వపరిపాలన పేరుతో వచ్చిన సంస్థనే స్వరాజ్యం పేరుతో వద్దన్నారు. ప్రభుత్వం ఏమి చేసింది అన్న ఒక్క ప్రశ్నతో ఈ చిక్కుముడి విడదు.

ఆ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1917లో అచ్చయింది. నాట్యశాస్త్రం తెలిసిన మనిషి జనాన్ని కూడగట్టడంలోనూ ఆ దృష్టి వదల్లేదు. ఆయన ఏర్పరిచిన రామదండు వాలంటీర్ల వేషం, రుద్రాక్షలు, పాటలు రామాయణ వానరసేనను తలపించేవి. కరపత్రాలు చదవలేని జనానికి ఆ భాష వెంటనే అందింది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. ఆ తర్వాత గాంధీ చీరాల వచ్చి, అహింసగా పన్ను నిరాకరించడం గానీ, సొంత బలంతో నిలబడగలిగితే మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం గానీ చేయవచ్చన్నారు. జనం రెండో దారి పట్టారు. పదిహేను వేలలో సుమారు 13 వేలమంది ఇళ్ళు విడిచి, ఊరి బయట తాటాకు పందిళ్ళలో, గుడిసెల్లో కాపురాలు పెట్టారు. ఆ తాత్కాలిక ఊరికి రామనగరం అని పేరు. తగవులు తీర్చుకోవడానికి, కాపలాకు సొంత ఏర్పాట్లు చేసుకున్నారు. ఎండల్లో మొదలైన ఈ బతుకు వానల్లోనూ, చలిలోనూ సుమారు పదకొండు నెలలు సాగింది. చందాల కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్యను బరంపురంలో మాట్లాడరాదన్న ఉత్తర్వు ధిక్కరించినందుకు అరెస్టు చేసి, ఏడాది జైలుకు పంపారు. డబ్బు లేక, నాయకుడు లేక జనం తిరిగి ఇళ్ళకు చేరారు. మున్సిపాలిటీ అప్పటికి రద్దు కాలేదు.

ఓడిపోయిన ఈ ఉద్యమం నిర్వచనాల చర్చకు గెలిచిన ఉద్యమాలకంటే ఎక్కువ పనికొస్తుంది. చట్టం మున్సిపాలిటీ గీత వరకే నడుస్తుంది కాబట్టి ఆ గీత దాటితే చట్టం పాలించడానికి జనమే ఉండరు. ఓటు వేయడం, అర్జీ పెట్టడం, తిరగబడడం అనే మూడింటిలో దేనికిందికీ రాని రాజకీయ చర్య ఇది. బలప్రయోగానికీ అధికారానికీ తేడా ఉందని, మనుషులు కలిసి మాట్లాడుకుని కలిసి పూనుకున్నప్పుడు పుట్టేదే అసలైన అధికారమని హానా ఆరెంట్ తర్వాతి కాలంలో వాదించింది. 1958లో వచ్చిన ఆమె గ్రంథం ది హ్యూమన్ కండిషన్ ఈ ఆలోచనకు మూలం. ఈ కొలత ప్రకారం ఆ పదకొండు నెలలు పోలీసులు, కోర్టులు, ఖజానా మద్రాసు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, అధికారం రామనగరంలో ఉంది. అయితే ఆరెంట్ లెక్కలో తిండి, గూడు వంటి అవసరాలు రాజకీయానికి బయటివి. రామనగరం విడిపోయింది ఆ అవసరాల దగ్గరే. ఈ లోపాన్ని ఆమె అభిమానులు కూడా పూర్తిగా పూడ్చలేకపోయారు.

బలం, పంపకం

మాక్స్ వేబర్ 1919లో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగం మరో ముఖ్యమైన నిర్వచనానికి పునాది. ఒక భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగానికి తనకొక్కదానికే హక్కు ఉందని చెప్పుకుని, నెగ్గించుకునే సంస్థ రాజ్యం. ఆ అధికారంలో వాటా కోసం, లేదా దాన్ని తమవైపు తిప్పుకోవడం కోసం జరిగే ప్రయత్నం రాజకీయం. ఇందులో "న్యాయసమ్మతమైన" అన్న విశేషణమే కీలకం. 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేసినప్పుడు, గ్రామోద్యోగులు కూడా రాజీనామాలు ఇచ్చారు. సర్కారుకు సైన్యం ఉంది, శిస్తు రాబట్టే మునసబులు కరవయ్యారు. జనం ఒప్పుదల తప్పితే రాజ్యం చేతిలో లాఠీ ఒక్కటే మిగులుతుంది.

హెరాల్డ్ లాస్‌వెల్ 1936లో తన పుస్తకం పేరులోనే నిర్వచనం పెట్టాడు: ఎవరికి ఏమి, ఎప్పుడు, ఎలా దక్కుతుంది అన్నది రాజకీయం. డేవిడ్ ఈస్టన్ 1953లో దాన్ని బిగించి, సమాజం విలువైనవిగా భావించేవాటిని అధికారికంగా కేటాయించడమే రాజకీయమన్నాడు. అధికారికంగా అంటే అందరూ కట్టుబడక తప్పని రీతిలో. చేనేత దీనికి చక్కని ఉదాహరణ. చీరాల, జాండ్రపేట, వేటపాలెం మగ్గాలకు మిల్లులతోనూ మరమగ్గాలతోనూ పోటీ. చీరాల నుంచి శాసనసభకు ఎన్నికైన చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య జీవితమంతా కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే వదలాలని పోరాడారు. పార్లమెంటు 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. మరమగ్గాల యజమానులు సవాలు చేస్తే 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. మొదట 22 రకాలకు ఉన్న రక్షణ తర్వాత 11కు తగ్గింది. ఏ అంచు చీర ఎవరు నేయాలన్నది బజారులో తేలే సంగతిగా కనబడుతుంది. దాన్ని తేల్చినది చట్టం, కోర్టు, చట్టాన్ని అమలు చేయని తనిఖీ అధికారుల ఉదాసీనత. అమలు కాని కేటాయింపు కూడా కేటాయింపేనా అన్న ప్రశ్నకు ఈస్టన్ దగ్గర తృప్తికరమైన జవాబు లేదు.

రాజీ, వైరం

బెర్నార్డ్ క్రిక్ 1962లో రాసిన ఇన్ డిఫెన్స్ ఆఫ్ పాలిటిక్స్ రాజకీయాన్ని పాలనకు గల అనేక పద్ధతుల్లో ఒక పద్ధతిగా చూపింది. ఒకే ఏలుబడి కింద వేర్వేరు ప్రయోజనాలున్నవారు ఉన్నప్పుడు, ఒకరినొకరు అణచకుండా, తలా కొంత అధికారం పంచుకుని సర్దుకోవడమే రాజకీయం. నియంతృత్వంలో పాలన ఉంటుంది, రాజకీయం ఉండదు. తెలుగు చరిత్రలో ఇలాంటి సర్దుబాట్లకు కొదవలేదు. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో ఒడంబడిక చేసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని కావడానికీ, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరులో పెట్టడానికీ దాని ప్రభావమే కారణం. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం అంత అదృష్టానికి నోచుకోలేదు. దాన్ని ఉల్లంఘించారన్న ఆగ్రహం 1969 తెలంగాణ ఉద్యమంలో పెల్లుబికింది. 2014లో రాష్ట్రం విడిపోయే వరకు ఆ మాట మరుగున పడలేదు. రాజీలో కూర్చునేది పెద్దమనుషులే కావడం, మిగతావారి పేరు మీద వారే సంతకం చేయడం క్రిక్ నిర్వచనానికి ఉన్న పెద్ద బలహీనత.

రాజీ అనే మాటనే తోసిపుచ్చిన సిద్ధాంతాలు రెండు. జర్మన్ న్యాయశాస్త్రవేత్త కార్ల్ ష్మిట్ మిత్రుడెవరు, శత్రువెవరు అని తేల్చుకోవడమే రాజకీయ సారమన్నాడు. తర్వాత ఆయన నాజీ పార్టీలో చేరాడన్న సంగతి పక్కన పెట్టి ఈ సిద్ధాంతాన్ని చదవడం కుదరదు. మార్క్స్, ఎంగెల్స్ 1848 కమ్యూనిస్టు ప్రణాళికలో రాజ్యాన్ని పెట్టుబడిదారీ వర్గపు ఉమ్మడి వ్యవహారాలు చక్కబెట్టే కమిటీగా చూశారు. వారి దృష్టిలో రాజకీయానికి వేళ్ళు భూమి, పెట్టుబడి, కూలి సంబంధాల్లో ఉన్నాయి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఈ అవగాహన మీదే నడిచింది.

చర్చకు రానివి

1962లోనే అమెరికన్ పండితులు పీటర్ బాక్రాక్, మోర్టన్ బారాట్జ్ ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. నిర్ణయాలు ఎవరు చేశారో లెక్కించి అధికారాన్ని కొలిస్తే చాలదని, కొన్ని సంగతులు అసలు నిర్ణయం దాకా రాకుండా ఆపగలగడం అధికారానికి రెండో ముఖమని వారు చెప్పారు. స్టీవెన్ లూక్స్ 1974లో మూడో ముఖం చేర్చాడు. ఉన్న ఏర్పాటే సహజమని అణగిన వారిచేతనే అనిపించడం అది. స్త్రీవాదులు అదే కాలంలో అరిస్టాటిల్ కట్టిన గోడనే పగలగొట్టారు. వ్యక్తిగతమైనదే రాజకీయం అన్న నినాదం 1970లో అచ్చయిన కేరల్ హానిష్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. కేట్ మిల్లెట్ సెక్సువల్ పాలిటిక్స్ కూడా అదే ఏడాది వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడు ఈ పుస్తకాల ఊసు వారికి తెలిసి ఉండనవసరం లేదు. ఇంట్లో దెబ్బలు, సంచిలో నిండుకున్న బియ్యం, సర్కారు సారా రాబడి ఒకే గొలుసు అని వారు బతుకులోనే చూశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది.

కులం విషయంలో ఈ పని ఇంకా ముందే మొదలైంది. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చౌదారు చెరువు నీళ్ళు తాగారు. నీళ్ళ తావు రాజకీయ స్థలమని ఆ రోజు నుంచి ఎవరూ కాదనలేని స్థితి రావలసింది. కారంచేడులో ఆ స్థితి 1985 దాకా రాలేదు. మాదిగలు మంచినీళ్ళకు వాడుకునే చెరువును పాడుచేయడాన్ని ఒక యువకుడు, ఒక స్త్రీ ప్రశ్నించారు. మర్నాడు, జూలై 17న, ఊరి కమ్మ భూస్వాముల వర్గం మాదిగపల్లె మీద దాడి చేసింది. ఆరుగురు హతులయ్యారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. బతికినవారు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఊరి గొడవ, క్షణికావేశం, శాంతిభద్రతల సమస్య అన్న మాటలు అప్పుడు వినబడ్డాయి. వీటిలో ఏ పేరు ఖాయమైనా పరిష్కారం పోలీసు పికెట్టు, పరిహారం, రాజీ దగ్గర ఆగిపోయేది. బాధితులు తిరిగి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. చీరాల శిబిరం సభలకు, చర్చలకు వేదికైంది. సెప్టెంబరులో కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. చాలా కుటుంబాలు చీరాలలోనే స్థిరపడ్డాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపినప్పుడు దాన్ని ఊరి తగాదాగా చూపడం అంత తేలిక కాలేదు. ఈ రెండు ఘటనల మధ్య, 1989లో, పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. 1921లో జనం దూరం జరిగింది ప్రభుత్వం నుంచి. 1985లో పారిపోయింది పొరుగువారి నుంచి. రాజకీయమంటే ప్రభుత్వ వ్యవహారమే అనే నిర్వచనానికి మొదటి వలస పూర్తిగా అందుతుంది, రెండోదానిలో హత్యకేసు మాత్రమే అందుతుంది.

హద్దు ఎక్కడ

నిర్వచనాన్ని ఇంతగా విస్తరిస్తే ఇక రాజకీయం కానిది ఏముంటుంది అన్నది న్యాయమైన అభ్యంతరమే. అన్నీ రాజకీయమైతే ఆ మాటతో ఏదీ వేరుచేసి చెప్పలేం. పైగా మనిషికి ఎవరి ఓటుకూ లోబడని సొంత బతుకు కొంత ఉండాలి. ఇల్లు, మతం, స్నేహం అన్నిటినీ రాజకీయం చేసిన రాజ్యాలు ఇరవయ్యో శతాబ్దంలో ఎంత చేటు చేశాయో లోకం చూసింది. దీనికి ఎక్కువమంది ఆమోదించే జవాబు ఒకటుంది. ఏ విషయమైనా పుట్టుకతో రాజకీయం కాదు, పుట్టుకతో బయటిదీ కాదు. అది మార్చదగిన ఏర్పాటు అని, దాన్ని మార్చడం నలుగురి పని అని కొందరు నిలబడి అడిగినప్పుడు రాజకీయమవుతుంది. ఈ జవాబులో చిక్కు ఏమిటంటే అడిగే శక్తి అందరికీ సమంగా ఉండదు. అడగలేనివారి బాధను లెక్కలోకి తేవాలంటే మళ్ళీ బాక్రాక్, బారాట్జ్ దగ్గరికే వెళ్ళాలి.

గుంటూరు, ప్రకాశం మైదానాల పంటలు చూస్తే ఈ చిక్కు తేటపడుతుంది. పొగాకుకు 1975 చట్టం కింద గుంటూరు కేంద్రంగా బోర్డు ఉంది. ఎంత పండించాలో అది ఏటా నిర్ణయిస్తుంది, వేలం దాని ఆధ్వర్యంలో జరుగుతుంది. రైతు ధర రాకపోతే ఎవరిమీద ధర్నా చేయాలో తెలుసు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పత్తి ఉంది, కాటన్ కార్పొరేషన్ కొంటుందా లేదా అన్నది ప్రతి సీజన్‌లోనూ వార్త. మిర్చి ఆ జాబితాలో లేదు. యార్డులో వ్యాపారి చెప్పిన ధరకు అమ్మాలి, లేదా కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూడాలి. ఇరుకైన నిర్వచనం ప్రకారం పొగాకు ధర రాజకీయం, మిర్చి ధర వ్యాపారం. విశాలమైన నిర్వచనం ప్రకారం మిర్చిని ఆ జాబితాలో చేర్చకుండా ఉంచడం కూడా ఎవరో ఒకరు చేసిన, ఏటా తిరిగి చేస్తున్న నిర్ణయమే. ధర పడిపోయిన ఏడు రైతులు యార్డు గేటు ముందు బైఠాయించినప్పుడు ఆ నిర్ణయం కొన్నాళ్ళపాటు పైకి కనబడుతుంది.